గవర్నర్‌పేట జిరాక్సు దుకాణంలో ఒక చిత్రకారుడి కాగితాలు

విజయవాడ గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందుల్లో ఒకదానిలో, బోర్డు మీద జిరాక్స్, లామినేషన్, బైండింగ్ అన్న మూడు మాటలు తప్ప పేరంటూ ఏమీ రాసుకోని చిన్న దుకాణం ఒకటి ఉంది. మా పెదనాన్నగారి కాగితాలను స్కాన్ చేయించి, వాటికి అట్టపెట్టెలు కట్టించుకోవడం కోసం గత వేసవిలో ఐదు వారాల పాటు నేను గుంటూరు నుంచి ఆ దుకాణానికి తిరిగాను. ఇంట్లో ఇలాంటి కాగితాలున్నవారు, వాటిని ఎవరి చేతిలో పెట్టాలో తెలియక అటక మీదే ఉంచేసినవారు మన జిల్లాల్లో తక్కువమంది ఉండరు గనుక, అక్కడ నాకు అందిన పనిని, అందులోని లోపాలతో సహా, కొంచెం వివరంగా రాస్తున్నాను.

పెదనాన్నగారు తెనాలి దగ్గర ఒక హైస్కూలులో డ్రాయింగు మాష్టారు. ముప్పై ఏళ్ళ పాటు పిల్లల చేత కూజా, గ్లాసు, మామిడిపండు గీయించారు. తన కోసం మాత్రం ఆయన దాదాపు ఏమీ గీయలేదు. మద్రాసులో అమెరికన్ లైబ్రరీకి వెళ్ళినప్పుడల్లా పాత కళా పత్రికలు చదివి నోట్సు రాసుకొచ్చేవారు. ఆ తర్వాత ఆయన చేసినదంతా పోస్టు కార్డులు, చీటీలు, సూచనలు, జాబితాలు, రైలు టిక్కెట్ల వెనక రాసిన మాటలు. బంధువులలో ఆయనకు చాదస్తుడని పేరు. రెండు ట్రంకు పెట్టెలు, ఒక బిస్కెట్ల డబ్బా మాకు మిగిల్చి వెళ్ళారు.

ఆయన చేసినదాన్ని ప్రపంచంలో కాన్సెప్చువల్ ఆర్ట్ అంటారు. 1967లో సోల్ లెవిట్ అనే అమెరికన్ కళాకారుడు ఆర్ట్‌ఫోరం పత్రికలో రాసిన వ్యాసంలో, ఈ రకం కళలో ఆలోచనే ముఖ్యమనీ, ఏం చేయాలో ముందే నిర్ణయమైపోతుంది గనుక దాన్ని అమలు చేయడం నామమాత్రపు పనేననీ వాదించాడు. లెవిట్ గోడ బొమ్మలను కొన్నవారికి దక్కేది ఒక ధ్రువపత్రం, ఒక నమూనా గీత. గోడ మీద బొమ్మను ఇతరులు గీస్తారు, అవసరమైతే సున్నం కొట్టి చెరిపేస్తారు, మరో ఊళ్ళో మళ్ళీ గీస్తారు. మిగిలేది కాగితమే. నూనెరంగుల చిత్రకారుడు పోతే కాన్వాసులు ఉంటాయి, కాగితాలు వాటికి తోడు సాక్ష్యంగా పనికివస్తాయి. ఇలాంటి కళాకారుడు పోతే కాగితాల పక్కన మరేమీ ఉండదు. అందువల్ల వాటిని చేతిలోకి తీసుకునే మనిషి, అతనికి తెలిసినా తెలియకపోయినా, ఒక చిత్రశాలలో తిరుగుతున్నట్టే లెక్క.

ఈ సంగతి నాకు మొదట బోధపడింది గవర్నర్‌పేటలో కాదు, అంతకు ముందు వేరే చోట జరిగిన నష్టం వల్ల. పెదనాన్నగారికి తొంభైల చివర విదేశం నుంచి ఒక మిత్రుడు పంపిన ఫ్యాక్సు ఒకటి ఉండేది. అప్పటికే అక్షరాలు వెలిసిపోతున్నాయి. ఇంకా పాడవకుండా ఉంటుందనుకుని గుంటూరులో మా ఇంటికి దగ్గరలోని ఒక దుకాణంలో లామినేషనుకు ఇచ్చాను. కుర్రవాడు దాన్ని రెండు ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి వేడి రోలర్లలోకి తోశాడు. అవతలి వైపు నుంచి వచ్చింది ఒక నల్లటి పలక. ఫ్యాక్సు కాగితానికి పూసిన రసాయనం వేడి తగిలితే నల్లబడుతుంది, అక్షరాలు అచ్చుపడేదే ఆ గుణం వల్ల. కాగితమంతటికీ ఒకేసారి వేడి తగిలితే కాగితమంతా ఒకే అక్షరమైపోతుంది. కుర్రవాడు బిత్తరపోయి డబ్బు తీసుకోలేదు. తప్పు అతనిది ఎంతో నాదీ అంతే, కానీ ఆ మిత్రుడి మాటలు ఇక చదవడానికి లేవు. ఆ నల్ల పలకను కూడా నేను పారేయలేదు.

గవర్నర్‌పేట దుకాణం సంగతి లెనిన్ సెంటరులో పాత పుస్తకాలు అమ్మే ఒకాయన చెప్పారు. కట్టలు విడిపోయిన పుస్తకాలను ఆయన అక్కడే కుట్టిస్తారట. వెళ్ళి చూస్తే ముందు భాగంలో రెండు జిరాక్సు మిషన్లు, వాటి చుట్టూ ఆధార్ కార్డులు పట్టుకుని నిలబడిన జనం, వెనక భాగంలో ఒక చేతి ప్రెస్సు, కటింగ్ మిషను, దారపు ఉండలు, మైదా జిగురు వాసన. కూర్చోవడానికి కుర్చీ లేదు. జోసెఫ్ కొసూత్ అనే ఆయన 1965లో ఒక కుర్చీని, ఆ కుర్చీ ఫొటోను, నిఘంటువులో కుర్చీ అన్న మాటకు ఉన్న అర్థాన్ని పక్కపక్కన పెట్టి దాన్నే ఒక కళాకృతి అన్నాడు. ఈ దుకాణంలో ఆ మూడింటిలో ఒక్కటీ లేదు, ఐదు వారాలూ నిలబడే మాట్లాడాను. మోకాళ్ళ నొప్పులున్నవారు గమనించాలి.

యజమానికి అరవై దాటి ఉంటాయి. వాళ్ళ నాన్నగారు గుంటూరు పొగాకు, మిర్చి వ్యాపారులకు చిట్టా ఆవర్జాలు కుట్టేవారట. నేను ట్రంకు పెట్టెలోంచి మొదటి కట్ట తీసి బల్ల మీద పెట్టగానే ఆయన చేయి చాపలేదు. కళ్ళజోడు సవరించుకుని కాసేపు వంగి చూశారు. పైనున్న కాగితం మీద గుండ్రటి ఎర్ర మచ్చ ఒకటి ఉంది.

“అమ్మా, ఇది మరకా, బొమ్మా?” అని అడిగారు.

నాకు ఈ దుకాణం మీద గురి కుదిరింది ఆ ఒక్క ప్రశ్నతోనే. ఆ మచ్చ ఎండుమిరపకాయను కాగితాల మధ్య పెట్టి బరువు కింద ఉంచితే దిగిన నూనె ముద్ర. కింద పెన్సిలుతో తేదీ, ఆ రోజు మిర్చి ధర రాసి ఉన్నాయి. అలాంటివి కట్టలో ఇరవై రెండు ఉన్నాయి. మామూలు దుకాణాల్లో స్కానింగు అంటే పేజీని తెల్లగా చేయడం. కంప్యూటరు తనంతట తానే పసుపు రంగును తీసేస్తుంది, మచ్చలను మరకలుగా భావించి తుడిచేస్తుంది, లేత పెన్సిలు రాతను దుమ్మనుకుంటుంది. దరఖాస్తు కాగితాలకు అది మేలే. ఈ కాగితాలకు అదే చేస్తే ఇరవై రెండు తెల్ల పేజీలు, ఇరవై రెండు ధరలు మిగిలేవి. ఆయన ఆ ఏర్పాటును పూర్తిగా ఆపేయించి, అంగుళానికి 600 చుక్కల చొప్పున, రంగుల్లో, కాగితం అంచులు నాలుగు వైపులా కనిపించేలా నల్ల అట్ట పరిచి స్కాన్ చేయించారు. టిఫ్ ఫైళ్ళు దాచుకోవడానికి, జేపెగ్ ఫైళ్ళు చూసుకోవడానికి అని రెండు రకాలూ ఇచ్చారు. కాగితాలను లాక్కునే మిషనులో ఒక్కటీ పెట్టలేదు, అన్నీ అద్దం మీదే.

లామినేషను సంగతి నేను ఎత్తకముందే ఆయనే ఎత్తారు. “బోర్డు మీద ఉంది గాని అమ్మా, వీటికి నేను చెయ్యను. వేసింది మళ్ళీ తియ్యలేం” అన్నారు. ఫ్యాక్సు కథ చెప్పాను. ఆయన నవ్వలేదు. బస్సు పాసులకు, రేషను కార్డులకు తప్ప ఆ మిషనును వాడవద్దని కుర్రవాళ్ళకు చెబుతానన్నారు. తన బోర్డు మీది మూడు పనుల్లో ఒకదాన్ని కొనడానికి వచ్చిన మనిషికి వద్దని చెప్పే వ్యాపారిని నేను ఈ మధ్య చూడలేదు.

ఇక జిరాక్సు మాట. మనకు జిరాక్సు అంటే కంపెనీ పేరు కాదు, పని పేరు. 1968లో న్యూయార్క్‌లో సేథ్ సీగెలాబ్, జాన్ వెండ్లర్ అనే ఇద్దరు ఏడుగురు కళాకారులకు తలా 25 పేజీలు ఇచ్చి, జిరాక్సు మిషను మీదే పుట్టేలా ఒక పుస్తకం చేయమన్నారు. కార్ల్ ఆండ్రే, రాబర్ట్ బ్యారీ, డగ్లస్ హ్యూబ్లర్, కొసూత్, లెవిట్, రాబర్ట్ మోరిస్, లారెన్స్ వీనర్ ఆ ఏడుగురు. తీరా వెయ్యి ప్రతులు తీద్దామనేసరికి జిరాక్సు ఖర్చు భరించలేనిదిగా తేలి ఆఫ్‌సెట్ ముద్రణకు ఇచ్చారు, అయినా అందరూ దాన్ని జిరాక్స్ బుక్ అనే పిలుస్తారు. ఇది చెబితే యజమాని బేరానికి దిగారు. “ఆ రోజుల్లో మా రేటు తెలిస్తే ఇక్కడికే వచ్చేవాళ్ళు” అన్నారు. రేటు నిజంగానే సరసం: స్కానింగు ఒక వైపుకు ఎనిమిది రూపాయలు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న పని మూడో వారంలో జరిగింది. కట్టలో ఒక ఖాళీ డ్రాయింగు షీటు ఉంది. అడుగున “చెరిపినది. రబ్బరు 1. సమయం 40 నిమిషాలు” అని మాత్రం రాసి ఉంది. స్కానరులో అది వట్టి మాసిన తెల్ల కాగితంగా వచ్చింది. ఆ సాయంత్రం జనం పలచబడ్డాక యజమాని ట్యూబులైట్లు ఆర్పించి, కాగితాన్ని బల్ల మీద పరిచి, ఫోను టార్చిని కాగితానికి ఆనించినంత దగ్గరగా, పక్కవాటుగా పట్టుకున్నారు. మెల్లగా తిప్పుతూ వచ్చారు. ఒక కోణం దగ్గర కాగితంలో నొక్కుకుపోయిన గాడులు నీడలు పట్టాయి. ముందు ఒక వంపు, తర్వాత మెడ, మూతి, పక్కన గ్లాసు అంచు. కూజా. ముప్పై ఏళ్ళు పిల్లల చేత గీయించిన ఆ కూజానే ఆయన ఒకసారి శ్రద్ధగా తాను గీసి, నలభై నిమిషాలు కూర్చుని చెరిపేశారు.

రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అనే అమెరికన్ కళాకారుడు 1953లో, అప్పటికే పేరున్న చిత్రకారుడు విల్లెమ్ డి కూనింగ్ దగ్గరకు వెళ్ళి, చెరపడానికి ఒక బొమ్మ ఇవ్వమని అడిగి పుచ్చుకుని, రోజుల తరబడి చెరిపి, ఆ చెరిపిన కాగితాన్ని చట్రం కట్టి తన కృతిగా చూపించాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియం వారు 2010లో పరారుణ ఫొటోలు, కంప్యూటరు సాయంతో అందులో మిగిలిన గీతలను పైకి తెచ్చారు. పెదనాన్నగారు రౌషెన్‌బర్గ్ సంగతి చదివే ఉంటారు. కానీ గొప్ప చిత్రకారుడి బొమ్మ కాక తన జీతం సంపాదించిపెట్టిన కూజాను చెరపడంలో ఒక వేరే బాధ ఉంది, అది నాకు ఆ టార్చి వెలుగులోనే తెలిసింది. అలా పక్కవాటు వెలుగులో తీసిన ఫొటోకు యజమాని విడిగా డబ్బు వేయలేదు. స్కాన్ ఫైలు, ఈ ఫొటో రెండూ ఒకే సంఖ్యతో ఇచ్చారు, రెండూ ఉండాలని ఆయనకు చెప్పవలసిన అవసరం రాలేదు.

అన్నీ ఇంత బాగా జరగలేదు. 1981లో పెదనాన్నగారు గుంటూరు నుంచి రేపల్లె దాకా రైల్లో వెళ్తూ, తెనాలి, వేమూరు, భట్టిప్రోలు లాంటి చోట్ల దిగి, దిగిన ప్రతి ఊళ్ళోనూ తన చిరునామాకే ఒక 15 పైసల కార్డు పోస్టు చేశారు. కార్డుల మీద మాటలేమీ లేవు, దిగిన సమయం మాత్రమే పెన్సిలుతో రాసి ఉంది. ఆన్ కవారా అనే జపాన్ కళాకారుడు 1968 నుంచి 1979 వరకు రోజూ రెండు కార్డుల మీద ‘ఫలానా సమయానికి లేచాను’ అని రబ్బరు స్టాంపుతో అచ్చు వేసి మిత్రులకు పంపాడు. పెదనాన్నగారివి దానికి తెనాలి ప్యాసింజరు రూపం అనుకోవచ్చు. ఇందులో కృతి అంటూ ఉంటే అది తపాలా ముద్రలోనే ఉంది, ఊరి పేరు, తేదీ, ఎంత గట్టిగా కొట్టారన్నది. అలాంటి పందొమ్మిది కార్డుల్లో పద్నాలుగింటికి సమయం రాసిన వైపే స్కాన్ చేసి, ముద్ర ఉన్న వైపును వట్టి చిరునామా వైపనుకుని వదిలేశారు. అది యజమాని లేని రోజున కుర్రవాడు చేసిన పని. ఇంటికొచ్చి పెన్ డ్రైవ్ తెరిచి చూసుకున్నాకగాని నాకు తెలియలేదు. మళ్ళీ ఒక రోజు పని మానుకుని వెళ్ళాల్సి వచ్చింది. రెండోసారి డబ్బు తీసుకోలేదు గాని, బస్సు ఛార్జీ, ఎండ నావే. ఇక్కడ పని ఇచ్చేవారు ప్రతి కాగితానికీ ఎన్ని వైపులు స్కాన్ కావాలో ముందే ఒక జాబితా రాసి ఇవ్వడం మంచిది.

రంగుల విషయంలో కూడా చిన్న అసంతృప్తి ఉంది. మొదటి రెండు రోజుల ఫైళ్ళలో పాత కాగితపు పసుపు కొంత నీలం వైపు తిరిగింది. రంగుల పట్టీ ఒకటి పక్కన పెట్టి స్కాన్ చేస్తే తర్వాత సరిచూసుకోవచ్చని అడిగితే, అలాంటిది తన దగ్గర లేదన్నారు. నేనే హైదరాబాదు నుంచి తెప్పించి ఇచ్చాను. అప్పటి నుంచి ప్రతి ఫైలులోనూ ఒక మూల ఆ పట్టీ కనబడుతుంది.

పెట్టెల పనితనానికి మాత్రం వంక పెట్టలేను, పదార్థానికి పెట్టగలను. ఆయన కట్టిన ఆరు పెట్టెలూ కాలికో గుడ్డ వేసిన దళసరి అట్టవి, మూత దించితే గాలి మెల్లగా బయటికి పోయే చప్పుడు వినబడేంత బిగువు. కానీ ఆయన వాడేది మైదా జిగురు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది మన బైండర్ల తరతరాల అలవాటు. పురుగు సంగతి నిజమే గాని, రాగి లవణం కాగితాన్ని నెమ్మదిగా పెళుసుగా చేస్తుంది. ఈ మాట చెప్పడానికి నేను రెండు రోజులు సందేహించాను, యాభై ఏళ్ళుగా చేస్తున్న పనిలో తప్పు పడుతున్నట్టు ఉంటుందని. “బాబాయ్‌గారూ, జిగురు అట్టకే ఉండనివ్వండి, కాగితానికి తగలకుండా చూద్దాం” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, పెట్టె లోపలంతా ఆమ్లం లేని కాగితంతో దారం కుట్టు మీద పొర వేశారు, జిగురు లేకుండా. ఆ కాగితం కూడా నేను తెచ్చిందే. ఆయన దగ్గరుండే బటర్ పేపరు, బజారులో దొరికే మామూలు ప్లాస్టిక్ కవర్లు ఈ పనికి వద్దు. ఆ కవర్లలో చాలావరకు పీవీసీవి, కొన్నేళ్ళకు సిరాను తమకు అంటించుకుంటాయి.

తుప్పు పట్టిన గుండుసూదులు, స్టేపిల్ పిన్నులు తీసిన తీరు చూడవలసిందే. కృష్ణ గాలి తగిలే ఈ ఊళ్ళలో పిన్ను పెట్టిన కాగితం పదేళ్ళు తిరిగేసరికి గోధుమరంగు రంధ్రమవుతుంది. ఆయన పిన్నును లాగలేదు. కాగితానికి, పిన్నుకు మధ్య ఒక సన్నని ప్లాస్టిక్ ముక్క దూర్చి, పిన్ను కాళ్ళను వెనక నుంచి ఒక్కొక్కటిగా లేపి తీశారు. అయితే ఒక కట్ట దగ్గర నేనే ఆపాను. పొగాకు బేళ్ళకు కట్టే చీటీలు పదకొండు, ఒకే సూదికి గుచ్చి, పై చీటీ మీద “విప్పితే పోతుంది” అని రాసి ఉన్న కట్ట అది. దాన్ని విప్పలేదు. స్కాన్ చేయలేదు. నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, లోతైన పెట్టె ఒకటి విడిగా కట్టించాను. లోపలి పది చీటీల మీద ఏముందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మూడు ప్రతులు కావాలన్నది నా చివరి కోరిక, బంధువులకు పంచడానికి. మామూలుగా అయితే స్పైరల్ బైండింగుతో పోతుంది. నేను ఆయనకు మార్సెల్ ద్యుషాం అనే ఫ్రెంచి కళాకారుడి సంగతి చెప్పాను. 1934లో ఆయన తన పెద్ద గాజు కృతికి సంబంధించిన చీటీలు, గీతలు, ఫొటోలు మొత్తం 94 ఏరి, ఒక ఆకుపచ్చ పెట్టెలో పెట్టి 300 పైచిలుకు ప్రతులు చేశాడు. మొదటి చీటీ ఎలా చిరిగి ఉందో ప్రతి నకలూ అలాగే చిరిగి ఉండాలని, ఒక్కో చీటీ ఆకారానికి లోహపు అచ్చులు కోయించి, వాటి అంచుల వెంట కాగితాలను చేత్తో చింపించాడు. యజమాని మొహంలో ఆ మాటకు వచ్చిన వెలుగు నాకు ఇంకా గుర్తుంది. మర్నాడు వెళ్ళేసరికి పాత ఎక్స్‌రే ఫిల్ములను కోసి ఇరవై నాలుగు చీటీలకు అచ్చులు తయారు చేసి ఉంచారు. నకళ్ళను వాటి అంచున పెట్టి, కాస్త తడి బ్రష్షు రాసి చింపితే అచ్చం అసలు చీటీలాగే నూగు అంచు వచ్చింది. మూడు ప్రతులకు పద్దెనిమిది వందలు తీసుకున్నారు. అది ఆ శ్రమకు చాలా తక్కువ. ఎంత బాగా వచ్చాయంటే, పొరపాటు పడకుండా నకళ్ళ వెనక నకలు అని చిన్న ముద్ర వేయించాల్సి వచ్చింది.

బిస్కెట్ల డబ్బాలోనివి సూచన కార్డులు. జపాన్ కళాకారిణి యోకో ఓనో 1964లో టోక్యోలో అచ్చు వేసిన చిన్న పుస్తకం నిండా చదివేవాడు చేయవలసిన పనులే ఉంటాయి, వాటి పద్ధతిలోనివే ఇవి, కాకపోతే మన ఊళ్ళవి. ఒక్కో కార్డు మీద ప్రకాశం బ్యారేజీ గేటు సంఖ్య ఒకటి, దాని దగ్గర నిలబడి చేయవలసిన పని ఒకటి. “12. ఇక్కడ ఆగి, నిన్న దాటిన నీళ్ళకు నమస్కారం పెట్టండి.” “40. విజయవాడకు ఎంత దూరమో సీతానగరానికీ అంతే దూరమని మీకు అనిపించే దాకా నడవండి.” డబ్బా మూత లోపల మాత్రం “71వ గేటు ఎక్కడుందో నడిచి కనుక్కోండి” అని ఉంది. యజమాని కార్డులు లెక్కపెట్టి, డెబ్బయే ఉన్నాయి, ఒకటి పోయిందేమో చూడమ్మా అన్నారు. బ్యారేజీకి ఉన్నవి డెబ్బయి గేట్లేనని చెప్పాను. ఆయన రెండు రోజులు ఏమీ అనలేదు.

ఈ కార్డుల క్రమం గురించి మా ఇద్దరికీ వాదన జరిగింది. కాగితాలు భద్రపరిచేవారి మొదటి నియమం, దొరికిన వరసను చెదరనివ్వకూడదన్నది. కానీ అమెరికన్ కళా విమర్శకురాలు లూసీ లిప్పార్డ్ 1969లో సియాటిల్‌లో పెట్టిన ప్రదర్శనకు ఆ ఊరి జనాభా అంకె 557,087నే పేరుగా పెట్టి, కేటలాగును విడి కార్డులుగా అచ్చు వేయించింది, ఎవరికి ఇష్టమైన వరసలో వాళ్ళు పేర్చుకోవచ్చు. పెదనాన్నగారి కార్డులు గేటు సంఖ్యల వరసలో లేవు. కలిసిపోయాయా, ఆయనే కలిపారా? సంఖ్యల ప్రకారం సర్దడం నాకు సహజంగా తోచింది. యజమాని ఒప్పుకోలేదు. “డబ్బాలో ఎట్టా ఉన్నయ్యో అట్టాగే రానివ్వండమ్మా, మీకు కావాలంటే కంప్యూటర్లో సర్దుకోండి” అన్నారు. ఆయన మాటే నిలిచింది. ఫైళ్ళకు దొరికిన వరసలోనే సంఖ్యలు వేశారు, కార్డుల మీద పెన్సిలు గీత కూడా పెట్టలేదు.

ఇలాంటి కాగితాలకు బయట పెద్ద ఇళ్ళున్నాయి. లిప్పార్డ్ కాగితాలు స్మిత్సోనియన్ వారి అమెరికన్ కళా భాండాగారంలో, ఫ్లక్సస్ అనే ప్రయోగ కళాకారుల బృందం వారి చీటీలు, తపాలా కృతులు ఎన్నో కూడబెట్టిన జీన్ బ్రౌన్ సేకరణ 1985 నుంచి అమెరికాలోని గెట్టి సంస్థలో ఉన్నాయి. మన దేశంలో బరోడా చిత్రకారుల కాగితాలను హాంగ్‌కాంగ్‌లోని ఏషియా ఆర్ట్ ఆర్కైవ్ వారు స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. మన వైపు పాత పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచీ ఉంది. తుమ్మపూడిలో కూర్చుని ఉత్తరాన్నే ఒక కళగా సాధన చేసిన సంజీవదేవ్‌గారి లేఖలు పుస్తకాలుగా వచ్చాయి. దిగంబర కవులు 1966లో తమ రెండో సంపుటిని ఇదే విజయవాడలో, అర్ధరాత్రి వేళ, హోటల్లో బల్లలు తుడిచే పనివాడి చేత ఆవిష్కరింపజేసినప్పుడు, పుస్తకంతో పాటు ఆ ఆవిష్కరణ కూడా ఒక రచనే. అటువంటి సంఘటన ఏదైనా తర్వాతివాళ్ళకు మిగిలేది ఆహ్వానపత్రం, ఫొటో, పత్రికలో వార్త ముక్కగానే. ఆ ముక్కలు ఎవరి ఇళ్ళలో ఉన్నాయో, వాళ్ళు ఈపాటికి ఏ లామినేషను మిషనులో పెట్టేశారో అని నాకు భయంగా ఉంటుంది.

లెక్క చెప్పి ముగిస్తాను. మొత్తం 386 కాగితాలు, అందులో 145 రెండు వైపులా, కలిపి 531 స్కాన్లు. స్కానింగుకు 4,248, ఆరు పెట్టెలకు ఒక్కోటి 650 చొప్పున 3,900, నకళ్ళకు 1,800, వెరసి 9,948 రూపాయలు. విడిగా కట్టిన లోతు పెట్టెకు ఎంతన్నా తీసుకోలేదు. పది రోజులన్న పని ఐదు వారాలు పట్టింది. బడులు తెరిచే జూన్‌లో వెళ్ళకండి, నోటు పుస్తకాల అట్టలు, ప్రవేశాల జిరాక్సులతో వెనక గదిలోకి అడుగు పెట్టడం కుదరదు. మధ్యాహ్నం రెండు తర్వాత, యజమాని భోజనం చేసి వచ్చాక వెళ్ళండి. కాగితాలు కుర్రవాళ్ళకు ఇవ్వకండి, ఆయన చేతికే ఇవ్వండి. ఆమ్లం లేని కాగితం, రంగుల పట్టీ మీరే తీసుకెళ్ళండి.

బిల్లు చేతిరాతతో, కార్బను పెట్టి రాసి ఇచ్చారు. సూచన కార్డుల దగ్గర “70 కార్డులు, 71 గళ్ళు” అని ఉంది. పెట్టె తెరిచి చూస్తే నిజంగానే కార్డులు నిలబెట్టే గళ్ళు డెబ్బయి ఒకటి కట్టారు. చివరిదానికి డబ్బు వేయలేదు. సెల్లోటేపు అంటించిన రెండు ఉత్తరాలు మాత్రం ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి. టేపు మీద గీకి చూసి, తనవల్ల కాదని, తెలిసినవాళ్ళు దొరికేదాకా ముట్టుకోనని చెప్పి, ఒక కవరులో పెట్టి బీరువాలో దాచారు.